మూడేళ్లలో కుక్కల డాక్టర్ అయిపోతారా?

ఇంటర్ ఫలితాలు వచ్చినప్పటి నుంచి మా విజయనగరం వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. "నీట్ అక్కర్లేదు. విదేశీ యూనివర్సిటీలో మూడేళ్లు పెంపుడు జంతువులు, గుర్రాల సైన్స్ చదివితే చాలు, తిరిగొచ్చి క్లినిక్ పెట్టుకోవచ్చు. కుక్కలతో ఆడుకుంటూ డిగ్రీ! ఉద్యోగం గ్యారంటీ." మొన్న చీపురుపల్లి నుంచి ఒకాయన ఆ ఫోన్ పట్టుకునే వచ్చారు. "మాస్టారూ, మా పాప మూడేళ్లకే డాక్టరైపోద్దంట, నిజమేనేటి?" నేను ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతాను. ఆయనతో అన్నదే ఇక్కడా రాస్తున్నాను.

ముందు క్లినిక్ సంగతి. అది పచ్చి అబద్ధం. మన దేశంలో జంతువులకు వైద్యం చేయాలంటే 1984 నాటి చట్టం ప్రకారం రిజిస్టరైన పశువైద్యులై ఉండాలి. అందుకు చదవాల్సింది బీవీఎస్సీ: నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. మెసేజ్‌లో ఉన్నది జంతువుల గురించి చదివే డిగ్రీ, వైద్యం డిగ్రీ కాదు. బ్రిటన్‌లోనూ రోగం తేల్చి మందు రాసే పని రిజిస్టరైన వెటర్నరీ సర్జన్‌దే, 1966 చట్టం ఉంది.

డాక్టరే కావాలంటే చీపురుపల్లి పక్కనే గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది, తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయానిది. ఆయన ఆ దారినే తిరుగుతారట. "అది గేదెల చదువనుకున్నానండి" అన్నారు. బీవీఎస్సీలో కుక్కా ఉంటుంది, గుర్రమూ ఉంటుంది.

"ఆడుకుంటూ డిగ్రీ" అన్న మాటకి మాత్రం నాకు ఒళ్లు మండింది. గుర్రాన్నే తీసుకోండి. ఒళ్లు అంత పెద్దదా, పొట్ట మాత్రం చిన్నది. పైగా అది వాంతి చేసుకోలేదు. ఆవు తిన్న గడ్డి ముందు పొట్టలోనే పులుస్తుంది, గుర్రానికి ఆ పని వెనకాల పెద్దపేగుల్లో జరుగుతుంది. ముచ్చటపడి ఒకేసారి గంపెడు దాణా పెట్టామనుకోండి, అరగని పిండిపదార్థం అక్కడికి జారి ఆమ్లంగా మారుతుంది. కడుపునొప్పితో నేల మీద దొర్లుతుంది, ఒక్కోసారి డెక్కల లోపల వాపొచ్చి నిలబడలేకపోతుంది. అందుకే లెక్క కావాలి: 400 కిలోల గుర్రానికి రోజుకు 6 నుంచి 8 కిలోల ఎండుమేత, అదీ కొంచెం కొంచెంగా.

పళ్ల సంగతి ఇంకా వింత. దవడపళ్లు పైకి వస్తూనే ఉంటాయి, అరుగుదల సమంగా లేకపోతే అంచులు కత్తుల్లా తయారై బుగ్గని కోస్తాయి. అప్పుడు నోరు తెరిపించి పెద్ద ఆకురాయితో అరగదీస్తారు. పనీపాటా లేనివాణ్ణి గుడ్డి గుర్రానికి పళ్లు తోముతున్నావా అంటాం కదా, ఆ మాట పుట్టించినవాళ్లెవరో గుర్రం నోట్లో చెయ్యి పెట్టి ఉండరు.

కుక్కల వైపు వస్తే జన్యుశాస్త్రం, పోషణ, ప్రవర్తన, వీటికి తోడు స్టాటిస్టిక్స్. గుర్రుమన్నప్పుడల్లా కొడితే కుక్క గుర్రుమనడం మానేస్తుంది గానీ కరవడం మానదు. అది ఎందుకో తెలుసుకోవడం ఆటా?

అదే గ్రూపులో ఇంకొకాయన రివర్స్‌లో వచ్చారు: "మన దగ్గర గుర్రాలేవీ, ఆ చదువు దండగ." పెళ్లి ఊరేగింపుల్లో ఉన్నాయి, విశాఖ బీచ్‌లో ఉన్నాయి, ఏజెన్సీ కొండల్లో సరుకు మోస్తున్నాయి. తక్కువే, ఒప్పుకుంటాను. గుర్రాల కొలువులకి హైదరాబాద్, బెంగళూరు, పుణె లాంటి రేసుకోర్సులున్న ఊళ్లకి పోవాల్సిందే.

ఉద్యోగం గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. మేత కంపెనీలు, షెల్టర్లు, శిక్షణ కేంద్రాలు, పరిశోధన, అటువైపు దారులున్నాయి. సర్కారు పశువైద్యాధికారి పోస్టుకి మాత్రం ఈ డిగ్రీ పనికిరాదు.

వాళ్ల పాపతో కూడా మాట్లాడాను. సూది చూస్తే కళ్లు మూసుకుంటుంది, వీధికుక్క ఎందుకలా చేస్తుందో మాత్రం గంటసేపు చెప్పగలదు. డాక్టర్ బోర్డు మీద ఆశ లేకుండా వెళ్తే ఆ పిల్లకి ఈ చదువు నప్పుతుందేమో కూడా. కానీ అప్పు చేసేది తండ్రి. అందుకని మెసేజ్‌లో ఉన్న నంబరుకి నా ముందే ఫోన్ చేయించాను. "తిరిగొచ్చాక వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ వస్తుందని కాగితం మీద రాసివ్వండి" అని అడిగారాయన. సార్‌ని కనుక్కుని చెప్తామన్నారు. పదకొండు రోజులైంది.