ఆ 'కొట్టేయ్' అనే మాటను ముందు కొట్టేయాలి

మొన్న ఆదివారం అంబాజీపేటలో అక్క వాళ్లింటికి వెళ్తే, ఎనిమిదో తరగతి మేనకోడలు లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. పైన ఎక్స్ స్క్వేర్ మైనస్ 9, కింద ఎక్స్ స్క్వేర్ మైనస్ 3ఎక్స్. సూక్ష్మీకరించాలి. రెండు ఎక్స్ స్క్వేర్ల మీదా అడ్డగీతలు బరికి, 9ని 3తో కొట్టి, '3 బై ఎక్స్' అని రాసేసింది.

"ఇదేంటే?"

"పైనా కిందా ఒకేలా ఉంటే కొట్టేయమన్నారు మావయ్యా."

పిల్ల తప్పేం లేదండీ. నా కోపమంతా ఆ 'కొట్టేయ్' మీదే. నా చిన్నప్పుడూ అదే మాట, ఇప్పుడు ట్యూషన్‌లోనూ అదే. జరిగేది భాగహారమనీ, లవం మొత్తాన్నీ హారం మొత్తాన్నీ ఒకే దాంతో భాగిస్తున్నామనీ చెప్పేవాళ్లేరి?

పెరట్లో దింపు తీసిన కొబ్బరికాయలు రాశి పోసి ఉన్నాయి. అక్కడికి తీసుకెళ్లాను. "మనుషులు ఎక్స్ మంది, కాయలు ఎక్స్ ప్లస్ 6. తలా ఎన్ని?"

"ఎక్స్‌లు కొట్టేస్తే ఆరు."

"సరే, 12 మంది, 18 కాయలు. తలా ఆరు పంచు."

రాశి వంక కాసేపు చూసి, "72 కావాలి కదా!" అంది. వచ్చేది తలా ఒకటిన్నరే మరి.

అప్పుడు కారణాంకాలు రాయించాను. పైన (ఎక్స్ + 3)(ఎక్స్ − 3), కింద ఎక్స్(ఎక్స్ − 3). రెండు చోట్లా గుణకారంలో ఉన్న ఎక్స్ − 3 పోతుంది. మిగిలేది (ఎక్స్ + 3) బై ఎక్స్. ఎక్స్ బదులు 5 వేయమన్నాను. అసలు లెక్క 16 బై 10, అంటే 8 బై 5. కొత్త జవాబూ అంతే. పాత జవాబైతే 3 బై 5! ఇలా సరిచూసుకోడానికి అర నిమిషం చాలు, కానీ ఎవరూ అలవాటు చేయరు.

జవాబు కలిస్తే చాలు, టిక్కు. 16 బై 64లో ఆరులు కొట్టేస్తే 1 బై 4 వస్తుంది, కరెక్టే! అదే పని 13 బై 34లో మూడుల మీద చేసి చూడండి.

రాత్రి భోజనాల దగ్గర తనే అడిగింది: "మావయ్యా, ఎక్స్ 3 అయితే?" అసలు భిన్నంలో 0 బై 0, దానికి విలువే లేదు. మన జవాబులో మాత్రం బుద్ధిగా 2 వస్తుంది. అందుకే పక్కన 'ఎక్స్ 0 కాకూడదు, 3 కాకూడదు' అని రాసుకుంది.

నిన్న నోట్‌బుక్ దిద్ది ఇచ్చారట, అక్క ఫొటో పంపింది. జవాబుకి టిక్కు పెట్టారు. ఆ పక్కన రాసినదాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేశారు.