తొండి ఎవరు చేసినా తొండే

వానాకాలం పంట చేతికొచ్చి పొలం పనులు కాస్త సద్దుమణిగితే చాలు, పాలమూరు, నల్లగొండ పల్లెల్లో కబడ్డీ మొదలవుతుంది. సంక్రాంతికి కొన్ని ఊళ్లలో, జాతరలకు కొన్ని ఊళ్లలో, పోయినవారి జ్ఞాపకార్థం మరికొన్ని ఊళ్లలో టోర్నీలు పెడతారు. బడి మైదానంలో ముగ్గుతో గీతలు గీసి, చుట్టూ కట్టెలు పాతి తాళ్లు కడతారు. రాత్రి మ్యాచ్‌లైతే లైట్ల వెలుతురులో ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. ఈ సందడి మాకూ ఇష్టమే. అయితే తాడుకు ఇవతల నిలబడి చూసేవాళ్ల తీరు గురించి సీజన్ మొదలు కాకముందే ఒక మాట గట్టిగా చెప్పదలిచాం. చాలా చోట్ల ఆటను చెడగొడుతున్నది ఆటగాళ్లు కాదు, వాళ్ల వెనక నిలబడ్డ మనమే.

మన రైడర్ గీత తొక్కితే ‘కాలు గాల్లోనే ఉన్నది, అంపైర్‌కు కండ్లు కనపడ్తలేవా’ అంటాం. అదే గీతను అవతలి రైడర్ తొక్కితే విజిల్ మోగకముందే అవుటని అరుస్తాం. మనోడు ఎదుటివాణ్ని నడుం పట్టి ఎత్తి పడేస్తే దమ్మున్న పట్టు, వాళ్లు మనోణ్ని అలా పడేస్తే రౌడీతనం. పాయింటు తెచ్చి మనోడు తొడ కొడితే జోష్, వాళ్లు కొడితే బలుపు. ఆధార్ కార్డు చూసి గానీ ఆడనివ్వని మండల స్థాయి టోర్నీల్లోనూ ఇదే వరస. పక్క జిల్లా నుంచి మన జట్టు తెచ్చుకున్నవాడు ‘దోస్తు, చుట్టపోడు’ అవుతాడు. వాళ్ల జట్టులో అలాంటివాడు కనిపిస్తే ‘పైసలిచ్చి కొనుక్కొచ్చిండ్రు’ అని కోర్టులోకి దిగి ఆట ఆపుతాం. వడ్ల కొనుగోలు కేంద్రంలో ఒక రైతుకు ఒక కాంటా, పక్క రైతుకు ఇంకో కాంటా పెడితే మనం ఊరుకోం. మైదానంలో మాత్రం ఆ రెండు కాంటాలను మనమే పెడుతున్నాం.

ఈ జబ్బు మన ఒక్కరిది కాదు. మన ఎండలకు ఏ సంబంధమూ లేని ఐస్ హాకీలో ఇది ఎంతగా ముదిరిందో చూస్తే మన సంగతి మనకు ఇంకా బాగా తెలుస్తుంది. స్కేట్లు కట్టుకుని మంచు మీద ఆడే ఆ ఆటలో ఒంటితో ఢీకొట్టడానికి నిబంధనలే ఒప్పుకుంటాయి. అమెరికా, కెనడా జట్లు ఆడే నేషనల్ హాకీ లీగ్‌లోనైతే ఇద్దరు గ్లవ్స్ పారేసి పిడిగుద్దులకు దిగినా మామూలుగా ఐదు నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చోబెట్టి మళ్లీ ఆడనిస్తారు. అంత మోటు ఆటకు ఒక గొప్ప ఆచారమూ ఉంది. ప్లేఆఫ్స్‌లో ఒక్కో సిరీస్ ఏడు మ్యాచ్‌ల దాకా సాగవచ్చు. అది ముగియగానే రెండు జట్లూ వరుస కట్టి, ఒక్కొక్కరూ ఎదుటి జట్టులో ప్రతి ఒక్కరికీ చేయి కలిపి వెళ్తారు. మూతి పగిలినవాడూ ఆ వరుసలో ఉంటాడు, పగలగొట్టినవాడూ ఉంటాడు. పట్టుదల ఎంత ఉన్నా దాన్ని ఎక్కడ దించేయాలో ఆటగాళ్లకు తెలుసు. చూసేవాళ్లకు అలాంటి వరుస ఏదీ లేదు. అందుకే ఆ కోపం వాళ్లతో ఇంటికి పోతుంది.

2004లో జరిగిన ఒక ఘటన ఇప్పటికీ ఆ ఆటను వెంటాడుతోంది. ఫిబ్రవరిలో కొలరాడో జట్టు ఆటగాడు స్టీవ్ మూర్ ఢీకొట్టడంతో వాంకూవర్ కెప్టెన్ మార్కస్ నాస్లండ్ తలకు దెబ్బ తగిలింది. రిఫరీలు దానికి పెనాల్టీ ఇవ్వలేదు, లీగ్ కూడా శిక్ష వేయలేదు. తమకు అన్యాయం జరిగిందని వాంకూవర్ రగిలిపోయింది. మార్చి 8న ఇవే జట్లు వాంకూవర్‌లో మళ్లీ తలపడ్డప్పుడు టాడ్ బెర్టూజీ వెనక నుంచి వచ్చి మూర్‌ను గుద్ది మంచు మీద పడేశాడు. మూర్ మెడ ఎముకలు విరిగాయి. అతను మళ్లీ ఆ లీగ్‌లో ఆడలేదు. బెర్టూజీ సస్పెండయ్యాడు, కోర్టులో నేరం ఒప్పుకున్నాడు, 2005లో తిరిగొచ్చి ఆడాడు. ఇంత జరిగాక కూడా ‘మొదలుపెట్టింది వాడే కదా’ అన్నవాళ్లు ఉన్నారు. మొదటి దెబ్బకు న్యాయం అడగడం తప్పు కాదు. కానీ ఆ న్యాయం తమవాడి దెబ్బకు వర్తించదనుకున్నప్పుడు అది న్యాయం కాదు, పగ.

బ్రాడ్ మార్చాండ్ సంగతి మరీ స్పష్టం. బాస్టన్ జట్టుకు ఎన్నో ఏళ్లు ఆడి కెప్టెన్ కూడా అయిన ఇతను ఎదుటివాళ్లను రెచ్చగొట్టడంలో పేరుమోసినవాడు. 2018 ప్లేఆఫ్స్‌లో ప్రత్యర్థి ముఖాన్ని నాలుకతో నాకితే లీగ్ పిలిచి హెచ్చరించాల్సి వచ్చింది. బాస్టన్ అభిమానులకు అతను ముద్దుబిడ్డ, మిగతా ఊళ్లకు కంట్లో నలుసు. 2024 ప్లేఆఫ్స్‌లో ఫ్లోరిడా ఆటగాడు శామ్ బెన్నెట్ కొట్టిన దెబ్బకు మార్చాండ్ రెండు మ్యాచ్‌లకు దూరమయ్యాడు. బెన్నెట్ కావాలనే కొట్టాడని బాస్టన్ మండిపడింది, కాదని ఫ్లోరిడా వెనకేసుకొచ్చింది. 2025 మార్చిలో అదే మార్చాండ్ ఫ్లోరిడా జట్టుకు మారాడు. జూన్‌లో మార్చాండ్, బెన్నెట్ ఒకే జట్టు చొక్కాలో ఆ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పు ఎత్తారు. నిన్నటిదాకా మార్చాండ్‌ను దుమ్మెత్తిపోసిన ఫ్లోరిడా గ్యాలరీలు అతనికి చప్పట్లు కొట్టాయి. అతని ఆటా మారలేదు, నోరూ మారలేదు. మారిందల్లా చొక్కా.

అభిమానులు తెలిసి అబద్ధమాడతారని మేము అనడం లేదు. అసలు సమస్య అంతకంటే లోతైనది. 1951 నవంబరులో అమెరికాలో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ కాలేజీల మధ్య జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఒకవైపు ముక్కు, ఇంకోవైపు కాలు విరిగేంత మోటుగా ఆడారు. తర్వాత ఇద్దరు పరిశోధకులు ఆ మ్యాచ్ ఫిల్మును రెండు కాలేజీల విద్యార్థులకూ వేసి చూపించి, కనిపించిన ఫౌళ్లను రాయమన్నారు. డార్ట్‌మత్ జట్టు చేసిన ఫౌళ్లు డార్ట్‌మత్ విద్యార్థులకు కనిపించినవాటి కంటే ప్రిన్స్‌టన్ విద్యార్థులకు రెట్టింపుకు మించి కనిపించాయి. ఫిల్ము ఒకటే, రాసినవాళ్లు నిజాయితీగానే రాశారు. ‘నా కండ్లతో నేను చూసిన’ అని తాడు దగ్గర నిలబడి ప్రమాణం చేసేవాడి మాట కూడా ఇంతే. అతను అబద్ధం చెప్పడం లేదు, కానీ అతను చూసింది సాక్ష్యానికి పనికిరాదు. ఏ ఊరికీ చెందని అంపైర్ కావాల్సింది అందుకే.

మన కబడ్డీలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 2023 అక్టోబరు 7న హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడల ఫైనల్. భారత్, ఇరాన్ 28-28తో సమానంగా ఉన్నప్పుడు మన రైడర్ పవన్ సెహ్రావత్ ఎవరినీ తాకకుండానే లాబీలోకి, అంటే ఎదుటివాణ్ని తాకాకే దిగాల్సిన కోర్టు పక్క పట్టీలోకి, అడుగుపెట్టాడు. అతన్ని పట్టుకోబోయి ఇరాన్ డిఫెండర్లూ లాబీలోకి దిగారు. పాత నిబంధన ప్రకారం వెంట దిగిన డిఫెండర్లూ అవుటే, కొత్తదాని ప్రకారం రైడర్ ఒక్కడే అవుట్. ఏది చూడాలన్న పేచీతో నిర్ణయం మళ్లీ మళ్లీ మారింది, ఆట దాదాపు గంటసేపు ఆగింది. చివరికి భారత్ 33-29తో గెలిచింది. ఆ రోజు మనలో చాలామంది పాత నిబంధనే సరైనదని వాదించాం. లాబీలోకి అడుగుపెట్టింది ఇరాన్ రైడర్, వెంటపడ్డది మన డిఫెండర్లు అయి ఉంటే ఇదే నిబంధనను ఇంతే గట్టిగా సమర్థించేవాళ్లమా? ప్రతి అభిమానీ వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. ఆ ఇరాన్ కెప్టెన్ ఫజల్ అత్రాచలీ ప్రో కబడ్డీలో మన జట్లకు ఆడితే ‘సుల్తాన్’ అని నెత్తిన పెట్టుకున్నదీ మనమే.

క్రికెట్‌లో వేరే చెప్పాలా? 2024 ఐపీఎల్‌లో ముంబై కెప్టెన్ అయిన హార్దిక్ పాండ్యాను సొంత గ్రౌండ్ వాంఖడేలోనే జనం ఎగతాళి చేశారు. జూన్‌లో ప్రపంచకప్ ఫైనల్ చివరి ఓవర్ వేసి గెలిపించాక జులైలో అదే వాంఖడే అతని పేరుతో మార్మోగింది. కానీ ఇంకో రకం జనమూ ఈ దేశంలోనే ఉన్నారు. 1999 జనవరిలో చెన్నై టెస్టులో పాకిస్థాన్ చేతిలో 12 పరుగుల తేడాతో ఓడిపోయాక, టెండూల్కర్ సెంచరీ వృథా అయిన బాధలోనూ, చెపాక్ జనం లేచి నిలబడి గెలిచిన జట్టుకు చప్పట్లు కొట్టారు. 2019 ప్రపంచకప్‌లో స్టీవ్ స్మిత్‌ను మనవాళ్లు గేలి చేస్తుంటే కోహ్లీ వాళ్ల వైపు తిరిగి, చప్పట్లు కొట్టమని సైగ చేశాడు. కోహ్లీ కంటే పట్టుదలగా ఆడినవాళ్లు ఎందరున్నారు? మర్యాదగా ఉంటే ఆటలో వేడి పోతుందనేవాళ్లకు ఇంతకు మించిన జవాబు లేదు.

వేడి తగ్గించమని మేము అడగడం లేదు. ఈ నేలకు కబడ్డీ అంటే ఎంత పిచ్చో మాకు తెలుసు. 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల ప్రారంభ వేళ తాత్కాలిక గ్యాలరీ కూలి సుమారు వంద మంది గాయపడ్డారు. పెద్ద సినిమా హీరో వచ్చాడని కాదు, దేశం నలుమూలల నుంచి వచ్చిన పిల్లల ఆట చూద్దామని వచ్చి గాయపడ్డ జనం వాళ్లు. అలాంటి జనానికి గట్టి గ్యాలరీ, నిఖార్సయిన ఆట రెండూ దక్కాలి.

అమ్మాయిల ఆట దగ్గర మన కాంటా ఇంకోలా మోసం చేస్తుంది. గురుకులాల నుంచి, జిల్లా పరిషత్ బడుల నుంచి వచ్చే ఆడపిల్లలు ఇప్పుడు గట్టిగా ఆడుతున్నారు. అబ్బాయి అంపైర్‌ను నిలదీస్తే హక్కు, అమ్మాయి నిలదీస్తే పొగరు అంటున్నారు. పట్టు విడిపించుకుని గీత దాటి గర్జించిన అమ్మాయిని చూసి నవ్వేవాళ్లు, తమ ఊరి అబ్బాయి అలాగే గర్జిస్తే ఈలలు వేస్తున్నారు. ఆ పిల్లలు దాటి వచ్చిన అడ్డంకులు తెలిసినవాళ్లెవరూ ఆ నవ్వు నవ్వలేరు.

అన్నిటికంటే మాకు బాధ కలిగించేది అంపైర్ల స్థితి. పల్లె టోర్నీల్లో విజిల్ పట్టేది చాలాచోట్ల బడి పీఈటీ సార్లే. రోజంతా ఎండలో, మళ్లీ రాత్రంతా మంచులో నిలబడతారు. ముప్పై సెకన్ల కూతలో పాదం, గీత, చేయి, చొక్కా అన్నీ ఒకేసారి చూడాలి. ఒక్క నిర్ణయం నచ్చకపోతే వాళ్ల ఊరు, కులం దాకా తీసి తిడతారు. మర్నాడు ఫోన్లలో పది సెకన్ల ముక్క తిరుగుతుంది. అందులో మనవాడికి నష్టమైన క్షణం మాత్రమే ఉంటుంది, అంతకుముందు మనవాడు చేసిన తొండి ఉండదు. మంచి అంపైర్లు ఒక్కొక్కరే విజిల్ పక్కన పెట్టేస్తే ఈ ఆట ఎవరితో నడుస్తుంది?

సీఎం కప్ పుణ్యమా అని గ్రామపంచాయతీ స్థాయి నుంచి పోటీలు జరుగుతున్నాయి. నిర్వాహకులూ, జిల్లా కబడ్డీ సంఘాలూ ఈసారి కొన్ని పనులు చేయాలి. ఆడే జట్ల మండలాలకు చెందని అంపైర్లను పిలవండి. వాళ్ల రానుపోను ఖర్చు, భత్యం మొదటి మ్యాచ్‌కు ముందే చేతికివ్వండి. బయటి ఆటగాళ్ల నిబంధన, లాబీ నిబంధన కాగితం మీద రాసి కెప్టెన్లతో సంతకాలు తీసుకోండి. అభ్యంతరం చెప్పే హక్కు కెప్టెన్‌కు తప్ప ఎవరికీ, సర్పంచ్‌కైనా సరే, ఉండకూడదు. తాడు దాటి కోర్టులోకి వచ్చిన ప్రేక్షకుడు ఏ జట్టువాడైతే ఆ జట్టుకు పాయింటు కోత పెట్టండి. మొదట ఆతిథ్యమిచ్చే ఊరి జట్టు మీద అమలు చేస్తే మిగతా ఊళ్లు వాటంతటవే సర్దుకుంటాయి. మ్యాచ్ అయ్యాక రెండు జట్లూ చేతులు కలిపేదాకా ఫలితం మైకులో చెప్పవద్దు.

మా వంతు మేమూ చేస్తాం. ఒక్క జట్టు మాట పట్టుకుని ‘అంపైర్ తప్పిదంతో ఓటమి’ అని ఏ టోర్నీ వార్తా రాయం. కప్పు పట్టుకున్న ఫొటోలు మాకు ఎలాగూ వస్తాయి. వాటితో పాటు రన్నరప్ జట్టు ఏడుగురి పేర్లూ, ఆ జట్టులో బాగా పట్టు పట్టినవాళ్ల వివరాలూ పంపాలని నిర్వాహకులను కోరుతున్నాం. రెండు జట్లకూ ఒకే పేజీలో చోటిస్తాం.