నా సిస్టంలో బాగానే వచ్చాంది సార్!

కడప అపార్ట్‌మెంట్ త్రీడీ వీడియోల్లో ఎలివేషన్లకు, అంటే ముందు గోడలకు, గులాబీని అధికారిక రంగుగా ప్రకటించాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాం. ఎలాగూ అమల్లో ఉన్నదే కదా. వాక్‌త్రూ (బిల్డింగును కట్టకముందే తిప్పి చూపించే త్రీడీ వీడియో) 30 సెకన్లు, సెకనుకు 25 ఫ్రేములు, మొత్తం 750. ఆఫీసులో 6 కంప్యూటర్లు. ఒక్కో ఫ్రేము ఒక్కోదానికి వంతులవారీగా పంచి, రాత్రికి రెండర్ (లెక్కలు కట్టి ఫ్రేము బొమ్మ తయారుచేసే పని) పెట్టి, షట్టర్ దించి పోతారు. పొద్దున చూస్తే 125 ఫ్రేముల్లో గ్రానైటు, 625 ఫ్రేముల్లో టెక్స్చర్ దొరక్కపోతే బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ పూసే ముదురు గులాబీ. ఆడిస్తే బిల్డింగు పెళ్లింటి సీరియల్ లైట్ల మాదిరి కొట్టుకుంటుంది.

"ఏంది సామీ ఇది?" అని బిల్డరు అడిగితే జవాబు సిద్ధం: "నా సిస్టంలో బాగానే వచ్చాంది సార్."

ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. జబ్బంతా అందులోనే ఉంది. గోడకు అతికించే గ్రానైటు బొమ్మ, అదే టెక్స్చర్, డిజైనరు డీ డ్రైవ్‌లో ఉంది. సీన్ ఫైలు (బిల్డింగు మోడల్ ఉన్న ఫైలు) రాసుకున్న చిరునామా డీ:\టెక్స్చర్లు\గ్రానైట్.జేపీజీ. మిగతా అయిదింటికీ డీ డ్రైవ్‌లు ఉన్నాయి. ఒకదాంట్లో పాత సినిమాలు, ఇంకోదాంట్లో ఓనరు కూతురి పెళ్లి వీడియోలు. డీ డ్రైవ్ అంటే "మా వీధి వేపచెట్టు పక్కిల్లు" అని చెప్పడమే. వేపచెట్టు లేని వీధి ఏది? కర్నూలు జిల్లా సుంకేసుల దగ్గర కేసీ (కర్నూలు-కడప) కాలువకు నీళ్లు వదిలారన్న వార్త వినగానే చివరి ఆయకట్టు తడిసిందని నమ్మే అధికారులకు మాత్రం ఈ పద్ధతిలో లోపం కనిపించదు.

సంప్రదాయ వైద్యం కూడా ఉంది. ముందు రీస్టార్ట్. తర్వాత కేబుల్ పీకి పెట్టడం. తర్వాత ఫార్మాట్. చివరికి కొత్త గ్రాఫిక్స్ కార్డు. కార్డు మారిస్తే నిజంగానే తేడా ఉంటుంది: గులాబీ ఇంకా తొందరగా వస్తుంది.

ఈ ఆచారాన్ని చెడగొట్టదలచిన వారు ముందుగా టెక్స్చర్లన్నీ ఒక కంప్యూటర్‌లో షేర్ చేసిన ఫోల్డర్‌లోకి తేవాలి. సీన్ ఫైలు కూడా అక్కడే ఉండాలి. బ్లెండర్‌లో ఫైల్ మెనూ, ఎక్స్‌టర్నల్ డేటాలో రిపోర్ట్ మిస్సింగ్ ఫైల్స్ నొక్కితే ఏవి దొరకలేదో చెబుతుంది; ఫైండ్ మిస్సింగ్ ఫైల్స్‌కు ఆ ఫోల్డర్ చూపిస్తే వెతికి తగిలిస్తుంది. ఆ తర్వాత మేక్ పాత్స్ రిలేటివ్; చిరునామాను (పాత్) డ్రైవ్ అక్షరంతో కాకుండా సీన్ ఫైలు ఉన్న చోటు నుంచి రాసుకుంటుంది. సీన్ సీ డ్రైవ్‌లో, బొమ్మలు డీ డ్రైవ్‌లో ఉంటే మాత్రం విండోస్‌లో ఇది పనిచేయదు. త్రీడీఎస్ మ్యాక్స్ అనే ఇంకో త్రీడీ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు షిఫ్ట్, టీ కలిపి నొక్కితే అసెట్ ట్రాకింగ్ తెరుచుకుంటుంది. అక్కడ పాత్‌ను \\సర్వర్\టెక్స్చర్లు అని మార్చుకోవాలి; సర్వర్ అన్నచోట షేర్ ఉన్న కంప్యూటర్ పేరు.

అంత పొడుగు రాయడం ఎందుకని షేర్‌కు జెడ్ డ్రైవ్ అని పేరు తగిలించే మేధావి ఆఫీసుకొకరు ఉంటారు. చేత్తో తెరిస్తే అయిదు కంప్యూటర్లలోనూ జెడ్ నవ్వుతూ తెరుచుకుంటుంది, రెండర్ మాత్రం గులాబీయే. ఎందుకంటే మ్యాప్ చేసిన డ్రైవ్ లాగిన్ అయిన మనిషి సొంతం. రెండర్ ప్రోగ్రాం వెనకాల సర్వీసుగా, లోకల్ సిస్టమ్ అనే వేరే ఖాతాలో నడుస్తూంటే దానికి జెడ్ అనే అక్షరమే తెలియదు. అందుకే పాత్‌లో జెడ్ కాకుండా \\సర్వర్\టెక్స్చర్లు అనే ఉంచి, షేర్ తెరిచే అనుమతి ఉన్న యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో సర్వీసును నడపాలి. సగం ఆఫీసులు ఓడేది ఇక్కడే.

ఒక కంప్యూటర్‌లో లినక్స్ ఉంటే దానిది మరీ పట్టింపు. దాని దృష్టిలో పెద్ద జి గ్రానైటు వేరు, చిన్న జి గ్రానైటు వేరు. ఇక ఆఫీసు ఎదిగి కంప్యూటర్లు 20 దాటాయనుకోండి, మామూలు విండోస్ 10, 11 షేర్‌కు ఒకేసారి 20 కనెక్షన్లే హద్దు. ఇరవై ఒకటోది గడప బయటే. దానికి ఎన్‌ఏఎస్ పెట్టెనో (నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచేది), సర్వర్ విండోసో కొనాల్సిందే.

ఇవన్నీ తలనొప్పి అనుకుంటే బ్లెండర్‌లో అదే మెనూలో ప్యాక్ రిసోర్సెస్ ఉంది. బొమ్మలన్నీ సీన్ ఫైలు మూటలోకే పోతాయి. మూట బరువెక్కుతుంది, వీడియో టెక్స్చర్లు, సిమ్యులేషన్ క్యాష్ (పొగ, నీళ్ల లాంటి వాటి లెక్కలు దాచిన ఫైళ్లు) అందులో పట్టవు, అయినా చిన్న పనికి చాలు.

నిజానికి గులాబీ నయం, గోల చేసి చెబుతుంది. కొన్ని రెండరర్లు బొమ్మ దొరక్కపోతే కిమ్మనకుండా నల్లగా వదిలేస్తాయి. కడపలో నల్లటి ఫ్లోరింగ్ చూసి అనుమానపడేవాడెవడు? కడప బండ అనుకుంటారు. బిల్డరు చూసి "పాలిష్ బాగా పట్టింది" అని మెచ్చుకుంటాడు, బ్రోచరు అచ్చుకు పోతుంది. కాబట్టి షట్టర్ దించే ముందు ఒకే ఫ్రేమును, 100వదో 200వదో, ఆరింటిలోనూ రెండర్ చేసి పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకదాంట్లో బండ మీద గీతలు, మెరుపు కనిపించి ఇంకోదాంట్లో వట్టి నలుపే ఉంటే అది బండ కాదు, ఆ కంప్యూటర్ లాగ్ ఫైలు (రెండర్ రాసుకున్న చిట్టా) తెరిచి చూడండి. ఏ ఫైలు కోసం ఎక్కడ వెతికి వెనక్కొచ్చిందో పూర్తి పాత్‌తో సాధారణంగా రాసి ఉంటుంది. చాలాసార్లు ఆ పాత్ మొదటి అక్షరం డీ.