సాల్మన్‌కు ఏది అడ్డమో తేల్చాకే నదిలో దిగాలి

1960, 70ల్లో అమెరికా పశ్చిమ తీరంలో చేపల బాగోగులు చూసే అధికారులే వాగుల్లో పడిపోయిన చెట్లను లాగించి బయట పడేయించారు. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎగువకు వచ్చే సాల్మన్‌కు అవి అడ్డమని అనుకున్నారు. తీరా చూస్తే వరదప్పుడు పిల్ల చేపలు దాక్కునే మడుగులు ఏర్పడేది ఆ దుంగల వల్లే, గులకరాళ్లు కొట్టుకుపోకుండా ఆగేదీ వాటి వల్లే. ఇప్పుడు అలాంటి వాగుల్లోకే దుంగల్ని హెలికాప్టర్లతో దింపుతున్నారు.

దుంగలు వేయడం తప్పని నేననను. కానీ ఏ నది దగ్గరికెళ్లినా ముందు దుంగలే గుర్తొస్తున్నాయంటే, అప్పుడు చూడకుండా తీసేసినట్టే ఇప్పుడు చూడకుండా వేస్తున్నామేమోనని నా భయం. నది ఒడ్డున కనిపించే పనికి డబ్బు తేలిగ్గా వస్తుంది, ఫొటోలు కూడా బాగుంటాయి. అసలు రోగం చాలాసార్లు ఒడ్డున ఉండదు, ఎక్కడో కొండ మీదుంటుంది.

ఆడ సాల్మన్ తోకతో గులకరాళ్లను తోడి, గుంటలో గుడ్లు పెట్టి, మళ్లీ రాళ్లతోనే కప్పేస్తుంది. నెలల తరబడి ఆ గుడ్లు బతికేది రాళ్ల సందుల్లోంచి పారే చల్లటి నీటిలోని ఆక్సిజన్ మీదే. ఎగువన కలప లారీల కోసం వేసిన మట్టి రోడ్డు వానకు కోసుకుపోయి, ఆ సన్నటి మట్టి వచ్చి సందుల్లో పూడితే గుడ్లు ఊపిరాడక పోతాయి. అలాంటి చోట ఎన్ని దుంగలు వేసి ఏం లాభం? ముందు ఆ రోడ్డును మూసేయాలి, లేదా దాని నీళ్లు వాగులోకి దిగకుండా మళ్లించాలి.

అందుకే మొత్తం పరీవాహక ప్రాంతాన్ని నడిచి చూడాలంటాను. ఒడ్డున నీడ ఎక్కడ పోయింది, వేసవిలో నీళ్లు ఎక్కడ వేడెక్కుతున్నాయి, పక్క పాయలు ఎక్కడ తెగిపోయాయి, ఏ కల్వర్టు కింది కొస నీటికి పైన వేలాడుతోంది... పెద్ద చేప ఎగిరి దాటినా వేలెడంత పిల్ల చేప దాన్ని ఎక్కలేదు. 2018లో అమెరికా సుప్రీంకోర్టు 4-4గా చీలిపోవడంతో వాషింగ్టన్ రాష్ట్రం తన కల్వర్టులను మార్చాలన్న కింది కోర్టు ఆదేశం నిలిచింది. ఆదివాసీ తెగలు గెలిచిన ఆ కేసు చాలా గొప్పది. కానీ రాష్ట్ర రహదారి కింద కల్వర్టు మార్చి, అదే వాగు మీద కౌంటీ (జిల్లా లాంటి స్థానిక పాలన) రోడ్డు కిందిదాన్నో, ప్రైవేటు స్థలంలో ఉన్నదాన్నో అలాగే వదిలేస్తే చేప అక్కడ ఆగిపోతుంది. వాగును వాగుగా చూడకుండా ఎవరి ముక్క వాళ్లు చూసుకుంటే జరిగేది ఇదే.

సియాటిల్ పరిసరాల్లో జరిగింది ఇంకా బాధాకరం. పట్టణ వాగుల్ని బాగుచేశారు, కోహో సాల్మన్ నిజంగానే తిరిగొచ్చాయి. వానలు పడగానే నీటి పైకి తేలి, నోళ్లు తెరుచుకుని, గుండ్రంగా తిరుగుతూ, కడుపులో గుడ్లు అలాగే ఉండగానే చచ్చిపోయాయి. కారణం 2020లో తేలింది: టైర్ల రబ్బరులో కలిపే రసాయనం నుంచి పుట్టే 6పీపీడీ-క్వినోన్. వాగు రూపాన్ని సరిచేశారు, అందులోకొచ్చే రోడ్డు నీళ్ల సంగతి అలాగే ఉండిపోయింది.

అసలు అడ్డు తొలగితే చేప ఎంత త్వరగా వస్తుందో క్లామత్ నది చూపించింది. 2024లో నాలుగు డ్యామ్‌ల కూల్చివేత పూర్తయిన కొద్ది వారాలకే చినూక్ సాల్మన్, వందేళ్లకు పైగా దారి మూసుకుపోయిన, ఒరెగాన్ రాష్ట్రంలోని ఉపనదిలో కనిపించింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎల్వా నది మీద రెండు డ్యామ్‌లను 2011 నుంచి 2014 వరకు మెల్లగా విప్పారు, వాటి వెనక ఆగిన ఒండ్రు దిగి నదీముఖం దగ్గర కొత్త తీరమే ఏర్పడింది. అక్కడ అడ్డమేంటో అందరికీ తెలుసు, అయినా ఒప్పించడానికి దశాబ్దాలు పట్టింది.

కాబట్టి వరస ఇలా ఉండాలంటాను: ముందు మంచి ఆవాసానికి దారి తెరవండి, తర్వాత మట్టి, నీళ్లు, నీడ సరిచేయండి, నది ఒడ్డున పని ఆ తర్వాత. చినూక్ గుడ్డు పెద్ద చేపై తిరిగి రావడానికి సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది, రెండేళ్లకే ముగిసే ప్రాజెక్టు ఒక్క తరాన్ని కూడా చూడలేదు. నిధులు మంజూరు చేసేవాళ్లు ఆ తర్వాత పదేళ్ల పాటు గుడ్ల గుంటలు లెక్కపెట్టే ఖర్చును కూడా మొదటి రోజే బడ్జెట్‌లో రాయించాలి.