ఎన్నడూ రాని ఆ చివరి పది నిమిషాలకు

గౌరవనీయులైన చివరి పది నిమిషాల వారికి,

నమస్కారం. మనకు ముఖపరిచయం లేదు. అయినా సివిల్స్ మెయిన్స్‌లోని కంపల్సరీ ఇంగ్లిష్ పేపరు కోసం నేను వేసుకున్న ప్రతి టైమ్‌టేబుల్‌లోనూ, అన్నిటికన్నా కింది గడిలో, ఎర్ర సిరాతో మీ పేరు రాసి పెట్టుకున్నాను: "రివిజన్, 10 నిమిషాలు". మీ కోసం పీట వేసి ఉంచినంత శ్రద్ధగా ఆ గడి గీస్తాను. తీరా మీరు రావలసిన వేళకు ఆ పీట మీద ఎప్పుడూ ప్రెసీయో (గద్యభాగాన్ని కుదించి రాసే ప్రశ్న) వ్యాసమో బాసింపట్టు వేసుకొని కూర్చొని ఉంటుంది.

తప్పు మీది కాదని ఈమధ్యే కాగితం మీద లెక్క వేశాక తెలిసింది. పేపరుకు 300 మార్కులు, గడువు 3 గంటలు, అంటే మార్కుకు 36 సెకన్లు. సుమారు 600 మాటల వ్యాసానికి 100 మార్కులు కనుక 60 నిమిషాలు, గద్యభాగం చదివి జవాబులు రాసే కాంప్రహెన్షన్‌కు 75 కనుక 45, ప్రెసీకి మరో 75 కనుక ఇంకో 45, వ్యాకరణానికీ పదజాలానికీ కలిపి 50 కనుక 30. అన్నీ కూడితే సరిగ్గా 180. అన్నదమ్ముల ఆస్తి పంపకాల్లో కూడా ఇంత నిక్కచ్చిగా తేలని ఈ లెక్కలో మీ వాటా సున్న. మార్కుల నిష్పత్తిలో సమయం పంచుకోమనీ, చివర్లో పది నిమిషాలు మిగుల్చుకోమనీ ఒకే ఊపిరిలో ఉపదేశించే పెద్దలు ఆ రెండు సలహాలనూ పక్కపక్కన పెట్టి ఒక్కసారైనా కూడి చూశారా అన్నది నా అనుమానం.

లెక్కలోనే చోటు లేని మిమ్మల్ని నా రాత అలవాటు ఇంకాస్త దూరం తరుముతుంది. నిమిషానికి 20 మాటలు రాసే చేతికి 600 మాటలు అరగంట పని, కనుక ఆలోచించుకోవడానికి మరో అరగంట దొరుకుతుందని మీరు అనవచ్చు. దొరుకుతుంది, అదంతా మొదటి పేరాకే ఖర్చవుతుంది. ఒక మహాత్ముడి సూక్తితో ఎత్తుకొని, ఆ మాట నిజంగా ఆయనే అన్నాడా అన్న సందేహం వచ్చి, పేరు కొట్టేసి "ఒక మహనీయుడు" అని దిద్ది, ఆ కొట్టివేత పేజీ అందాన్ని చెడగొట్టిందని బాధపడి, ఆ బాధను కప్పిపుచ్చేంత గంభీరమైన రెండో వాక్యం కోసం పైకప్పు వైపు చూస్తూ కూర్చునేసరికి గోడ గడియారంలో పెద్ద ముల్లు సగం ప్రదక్షిణం పూర్తిచేస్తుంది. గుమ్మానికి చెక్కడపు పని చేయించడంలోనే డబ్బంతా అయిపోయినవాడి ఇంట్లాగా నా వ్యాసానికి ముఖద్వారం ఘనంగా ఉంటుంది, లోపల గదులుండవు.

కాంప్రహెన్షన్ మీద నాకు ఫిర్యాదు లేదు. ప్రశ్నలు ముందుగా చదివి గద్యభాగంలోకి దిగినవాడు వేళకే గట్టెక్కుతాడు.

ప్రెసీ అలాంటిది కాదు. ఇచ్చిన భాగాన్ని సొంత మాటల్లో మూడో వంతుకు కుదించాలి, శీర్షిక పెట్టకూడదు. పెట్టకూడదని ప్రశ్నలోనే అచ్చు వేసి ఉన్నా, పెట్టవలసి వస్తే ఏది బాగుంటుందా అని నేను రెండు నిమిషాలు ఆలోచిస్తాను. ఆ తర్వాత చిత్తుప్రతి రాస్తాను, మాటలు లెక్కపెడతాను, 22 ఎక్కువని తేలితే కోతలు మొదలుపెట్టి, 9 తక్కువయ్యేదాకా ఆపను. లెక్కపెట్టే వేలు సరిగ్గా నాలుగో వాక్యం మధ్యలో ఉండగా ఇన్విజిలేటర్ సంతకం కోసం వస్తే మళ్లీ ఒకటి నుంచి మొదలు. అప్పుడిక సాపుప్రతి రాయాలి. క్లుప్తతను పరీక్షించే ప్రశ్నకు నేను ఒక జవాబును రెండుసార్లు రాసి, రెండుసార్లు లెక్కించి సమాధానం చెబుతాను. మీలో ఆరుగురు నిమిషాలు అక్కడే అమరులయ్యారు.

వ్యాకరణం పేపరు చివర కూర్చొని ఉంటుంది. తప్పో ఒప్పో అప్పటికప్పుడే తేలిపోయే ఆ 50 మార్కుల పని ముందే ముగించుకోవచ్చు, ఏ ప్రశ్న ముందు రాసినా అడ్డుపడేవారు లేరు. కానీ వరుస తప్పడం మర్యాద కాదని నా బాల్యం నుంచి వస్తున్న ఒక గుడ్డి నమ్మకం. అందుచేత ప్రిపొజిషన్లు నా దగ్గరికి వచ్చేసరికి నా చేయి వణుకుతూ ఉంటుంది.

ఇందులో అసలు వింత వేరే ఉంది. ఇది కేవలం క్వాలిఫై కావలసిన పేపరు: 25 శాతం, అంటే 75 మార్కులు వస్తే చాలు. అవి రాకపోతే ర్యాంకు లెక్కకు వచ్చే మిగతా 7 పేపర్లనూ పరిగణనలోకి తీసుకోరు, వచ్చాక మాత్రం 76 అయినా 250 అయినా ర్యాంకులో కలిసేది శూన్యమే. గడప దాటితే చాలిన చోట నేను గడపకు పసుపు కుంకుమలు అలంకరిస్తూ కూర్చుంటున్నానన్నమాట.

మీరు గనక వస్తే ఏం చేయించుకోవాలో నాకు తెలుసు. మన భాషలో ఆర్టికల్స్ లేవు కనుక, తొందరలో రాసిన ఇంగ్లిష్‌లో 'ఎ', 'ది' అనేవి మాయమై, అక్కరలేని చోట తేలుతాయి. ఏకవచన కర్త పక్కన బహువచన క్రియ చేరుతుంది. ఒకటి రెండు ఉపప్రశ్నలకు నంబరే ఉండదు. ఇంతకు మించి మీ చేత పెద్ద పనులేవీ చేయించను, జవాబులు మార్చే ఉద్దేశం అసలే లేదు.

కాబట్టి ఒక విన్నపం. అంతా అయ్యాక ఒక్కసారిగా రావాలన్న పట్టుదల మీరు మానుకోండి. వ్యాసానికి 60కి బదులు 57న్నర, మిగతా వాటిలోనూ అలాగే తలా రెండున్నర నిమిషాలు కోస్తాను. నాలుగు విభాగాల తోకన నాలుగు ముక్కలుగా రండి. ఎర్ర సిరా గడి కూడా ఉండదు. అలా చిల్లరగా వస్తే మిమ్మల్ని గుర్తుపడతానో లేదో మాత్రం చెప్పలేను, మనం ఎన్నడూ కలుసుకోలేదు కదా.

ఇట్లు,
మీ కోసం ఇప్పటికి మూడు టైమ్‌టేబుళ్లు గీసిన
ఒక అభ్యర్థి