మూడు పుస్తకాలు, ఒక కాటా, ఒక ఫ్రిజ్: కోల్డ్ కిచెన్ గురించిన ఒక ప్రచారానికి ఖండన

హోటల్ మేనేజ్‌మెంట్ విద్యార్థుల మధ్య, ఇంట్లోనే సాసేజీలు, సలామీలు (పులియబెట్టి ఆరబెట్టిన సాసేజీలు) చేసి అమ్ముదామనుకునే యువకుల మధ్య కొంతకాలంగా ఒక సందేశం చేతులు మారుతోంది. పెద్ద హోటళ్లలో గార్డ్ మాంజే అని పిలిచే కోల్డ్ కిచెన్ పనిని, అంటే పాతేలు (నూరి వండిన మాంసపు ముద్దలు), టెరీన్లు (ఆ ముద్దను అచ్చులో ఉడికించి చల్లార్చినవి), గలంటీన్లు (మాంసపు ముద్దను కూరి, చుట్టి ఉడికించి చల్లార్చినవి), ఆస్పిక్‌లు (మాంసరసంతో చేసే జెల్లీలు) సిద్ధం చేసే పనిని, దానితో ముడిపడిన చార్క్యుటరీని, అంటే మాంసాన్ని ఉప్పుపెట్టి, పొగబెట్టి, ఆరబెట్టి నిలవచేసే విద్యను, ఎవరి దగ్గరా చేరకుండా మూడు మంచి పుస్తకాలు, ఒక డిజిటల్ కాటా, ఒక ఫ్రిజ్ పెట్టుకుని ఆరు నెలల్లో వృత్తి స్థాయిలో నేర్చుకోవచ్చునన్నది దాని సారం. పొయ్యితో పెద్దగా పని లేదు కాబట్టి కొలతలు పాటిస్తే చాలునని, కొలతలన్నీ పుస్తకంలోనే ఉన్నాయని, చెడిపోతే వాసనే చెబుతుందని, ఇటలీలో పంది తొడను ఆరబెట్టి చేసే పార్మా హామ్‌లో ఉప్పు తప్ప మరేమీ ఉండదు కాబట్టి, నిలవ మాంసం విషపూరితం కాకుండా కలిపే నైట్రైట్ అనే లవణం కంపెనీల మాయ అని, మన పెద్దలు ఏ కోర్సు చదివి ఒట్టి తునకలు (ఎండబెట్టిన మాంసపు పేలికలు) చేశారని, కోర్సులకు పోసే లక్షలు దండగ అని అందులోని వాదనలు. వీటిలో ఒకటి రెండు సగం నిజాలున్నాయి. ఆ సగం నిజాల చలవతోనే మిగిలినదంతా చెలామణి అవుతోంది.

పొయ్యి లేని వంట సులువన్న మాటతో మొదలుపెడతాను. పొయ్యి మీద వంటలో తప్పు అప్పటికప్పుడే బయటపడుతుంది; మాడితే వాసన వస్తుంది, ఉప్పు చాలకపోతే నాలుక చెబుతుంది, దిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. కోల్డ్ కిచెన్‌లో తప్పు జరిగిన గంటకు కాదు, మర్నాడో, వారానికో, సలామీ విషయంలోనైతే నెల దాటాకో తెలుస్తుంది, ఒక్కొక్కసారి అసలే తెలియదు. ఉదాహరణకు పంది మాంసపు టెరీన్‌ను తీసుకుందాం. మాంసం, కొవ్వు, మర పళ్లు, గిన్నె అన్నీ గడ్డకట్టే అంచున ఉండాలి. మిశ్రమం నాలుగైదు డిగ్రీలు దాటకూడదు. మర నుంచి ఎరుపు, తెలుపు విడివిడిగా కనిపించే పోగులు రావాలి. కొవ్వు కాస్త మెత్తబడినా, బ్లేడు మొద్దుబారినా ఆ రెండు రంగులూ కలిసిపోయి లేత గులాబీ ముద్ద బయటికొస్తుంది. కొత్తవారికి ఆ ముద్ద నున్నగా, అందంగానే కనిపిస్తుంది. దాన్ని అచ్చులో నింపి, నీళ్ల తట్టలో పెట్టి ఓవెన్‌లో ఉడికించి, బరువు పెట్టి రాత్రంతా చల్లార్చి, మర్నాడు కోసినప్పుడు గానీ కొవ్వంతా కరిగి అంచులకు చేరిందని, ముక్క ఇసుకలా రాలుతోందని తెలియదు. అప్పటికి కిలోల కొద్దీ మాంసం చేజారిపోయింది. లోపం మర దగ్గర జరిగిందా, కలపడంలోనా, ఓవెన్‌లోనా అన్నది తేల్చి చెప్పేవారు పక్కన ఉండరు. పర్యవేక్షించే చెఫ్ ఉంటే మర దగ్గరే చెయ్యి అడ్డం పెట్టి ఆపేవాడు.

మంచి పుస్తకాలు దీనికి ఒక జాగ్రత్త చెబుతాయి: మిశ్రమంలోంచి చిన్న ఉండ తీసి, వేడి నీళ్లలో ఉడికించి, పూర్తిగా చల్లార్చి, చల్లగానే రుచి చూడమంటాయి, ఎందుకంటే చల్లని పదార్థంలో ఉప్పూ కారమూ నాలుకకు తగ్గి తెలుస్తాయి. సలహా సరైనదే. అయితే ఆ ఉండను నోట్లో వేసుకున్నవాడు దాన్ని దేనితో పోల్చుకోవాలి? పులిహోరలో ఉప్పు తగ్గిందని మనలో ఎవరైనా ఒక్క ముద్దతో చెప్పగలరంటే, పుట్టినప్పటి నుంచి వేల ముద్దల పులిహోర తిన్న నాలుక అది. కరీంనగర్‌లోనో గుంటూరులోనో పెరిగి, సరిగా కుదిరిన పాతేను ఒక్కసారి కూడా తినని విద్యార్థికి పుస్తకం చెప్పిన ‘తగినంత’ ఎంతో ఏ పేజీ చూసినా దొరకదు. వంటగదిలో చేరిన కుర్రవాడికి మొదట అందేది ఇదే: రోజూ సరైనదాన్ని కొసరు ముక్కలుగానైనా తినే అవకాశం.

కొలతలన్నీ పుస్తకంలో ఉన్నాయన్న వాదన వినడానికి బలమైనది, ఆచరణలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది. ఉప్పుతోనే చూద్దాం. అమెరికాలో అచ్చయిన చాలా పుస్తకాలు కోషర్ ఉప్పు అనే గరుకు ఉప్పును కప్పుల్లో చెబుతాయి. ఆ ఉప్పులో పేరున్న డైమండ్ క్రిస్టల్ రకం కప్పుకు సుమారు 140 గ్రాములు తూగితే, మన ఇళ్లలోని మెత్తని అయోడైజ్డ్ ఉప్పు అదే కప్పుకు 290 గ్రాముల దాకా తూగుతుంది. అంటే పుస్తకాన్ని అక్షరాలా పాటించినవాడి ఉప్పునీటిలో ఉప్పు రెట్టింపు పడుతుంది. కొత్త పుస్తకాలు గ్రాముల్లో చెబుతున్న మాట నిజం. కానీ ఆస్పిక్‌ను గట్టిపరిచే జెలటిన్ దగ్గర మళ్లీ అదే చిక్కు. రేకుల జెలటిన్‌కు బలాన్ని బట్టి రకాలున్నాయి, ఇక్కడ దుకాణాల్లో దొరికే పొడి ప్యాకెట్ల మీద ఆ బలం సంఖ్య చాలాసార్లు ఉండదు. యూరప్ చలిలో నిలబడిన ఆస్పిక్ మే నెలలో హైదరాబాద్ ఫంక్షన్ హాలు బఫేలో ఎంతసేపు నిలబడుతుందో పుస్తకం రాసినవారు ఊహించి ఉండరు. అనుభవం ఉన్న వంటవాడు ప్రతి కొత్త ప్యాకెట్‌కూ ఒక చెంచా ఆస్పిక్‌ను చల్లని పళ్లెం మీద పోసి, గట్టిపడ్డాక వేలితో నొక్కి చూసి గానీ పని మొదలుపెట్టడు.

అసలు గండం నైట్రైట్ దగ్గరుంది. అమెరికా పుస్తకాల్లో ‘పింక్ సాల్ట్’ అనో, క్యూర్ నంబర్ వన్ అనో కనిపించే పదార్థంలో 6.25 శాతం సోడియం నైట్రైట్, మిగిలినది మామూలు ఉప్పు. తినే ఉప్పుతో పొరబడకుండా దానికి గులాబీ రంగు కలుపుతారు. కిలో మాంసానికి 2.5 గ్రాములు వేస్తే 156 మిల్లీగ్రాముల నైట్రైట్ పడుతుంది. ఫ్రాన్స్, జర్మనీ పుస్తకాల్లో కనిపించే నైట్రైట్ ఉప్పు వేరు. అందులో నైట్రైట్ అర శాతం చుట్టూ మాత్రమే ఉంటుంది కాబట్టి దానినే వంటకానికి మొత్తం ఉప్పుగా, కిలోకు 20 నుంచి 25 గ్రాముల వరకూ వాడతారు. ఇప్పుడు ఒక పుస్తకం కొలతను ఇంకో దేశపు పొట్లానికి వర్తింపజేయండి. ఫ్రెంచి కొలత ప్రకారం అమెరికా పొడి 25 గ్రాములు వేసినవాడు కిలోకు సుమారు 1,560 మిల్లీగ్రాముల నైట్రైట్ వేసినట్టు, అంటే పది రెట్లు. అంత నైట్రైట్ రక్తంలోకి చేరితే హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోసే శక్తి కోల్పోతుంది; అది ప్రాణం మీదికి వచ్చే సంగతి. తిరగేసి చేసినవాడు పదో వంతు వేసి, మాంసానికి రక్షణ ఉందన్న భ్రమలో ఉంటాడు. మనవారికి మూడో దారి కూడా ఉంది: ‘పింక్ సాల్ట్’ అన్న మాట చూసి సైంధవ లవణం కొనుక్కురావడం. గులాబీ రంగు తప్ప ఆ రెండింటికీ పోలిక లేదు. సైంధవ లవణం వేసిన సాసేజీలో నైట్రైట్ లేనట్టే. పైగా ఈ అంకెలు కూడా స్థిరం కావు. 2023లో చేసిన నిబంధన ప్రకారం యూరోపియన్ యూనియన్ 2025 అక్టోబరు నుంచి నైట్రైట్ పరిమితులను తగ్గించింది. అల్మారాలోని పదేళ్ల నాటి పుస్తకానికి ఆ సంగతి తెలిసే వీలు లేదు.

చెడిపోతే వాసన చెబుతుందన్న మాట ఈ సందేశంలోని అత్యంత బాధ్యతారహితమైన మాట. 19వ శతాబ్దం తొలినాళ్లలో జర్మనీలోని వుర్టెంబర్గ్ ప్రాంతంలో సాసేజీలు తిన్నవారు చూపు మసకబారి, కండరాలు చచ్చుబడి మరణిస్తుంటే, జస్టినస్ కెర్నర్ అనే వైద్యుడు 1820 తరువాతి సంవత్సరాల్లో ఆ జబ్బు లక్షణాలను వివరంగా గ్రంథస్థం చేశాడు. 1895లో బెల్జియంలోని ఎల్లెజెల్ గ్రామంలో ఒక అంత్యక్రియల సందర్భంగా ఉప్పుపెట్టిన పచ్చి హామ్ తిన్న వాద్యకారుల్లో ముగ్గురు చనిపోయారు. ఆ హామ్ నుంచే ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రవేత్త, బొటులిజం అని పిలిచే ఆ జబ్బుకు కారణమైన బ్యాక్టీరియాను వేరుచేశాడు. ‘ఉప్పు పెట్టాం కదా’ అనుకున్న మాంసమే అదీ. ఈ బ్యాక్టీరియా సిద్ధబీజాలు మామూలుగా నీళ్లు మరిగే వేడికి చావవు, గాలి సోకని చోట మేలుకుంటాయి, సాసేజీ లోపలి భాగం సరిగ్గా అలాంటి చోటు. దాని విషానికి నమ్మదగిన రంగూ వాసనా లేవు. ఇక ఫ్రిజ్ మీద భరోసా గురించి: లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతుంది. 2017, 2018 సంవత్సరాల్లో దక్షిణాఫ్రికాలో పోలొనీ అనే ఉడికించిన సాసేజీ ద్వారా అది వ్యాపించి 1,000 మందికి పైగా జబ్బుపడ్డారు, 200 మందికి పైగా మరణించారు. యంత్రాలూ ప్రయోగశాలలూ ఉన్న పరిశ్రమలోనే అలా జరిగినప్పుడు, పెరుగు గిన్నె పక్కన పాతే పెట్టుకున్న ఇంటి ఫ్రిజ్‌ను నమ్ముకోమనడం సాహసమే.

ఆరబెట్టడానికి కూడా ఆ ఫ్రిజ్ పనికిరాదు. సలామీ ఆరాలంటే 12 నుంచి 15 డిగ్రీల చలి, గాలిలో 75 శాతం అటూఇటూగా తేమ వారాల తరబడి ఉండాలి. ఫ్రిజ్‌లో చలి ఎక్కువ, తేమ తక్కువ. పైపొర గట్టిపడి లోపలి నీటిని బంధిస్తుంది, బయట రాయిలా ఉన్న సలామీ లోపల పచ్చిగా మిగిలిపోతుంది. వేసవిలో తెలంగాణ గాలి పొడి, విశాఖ గాలి తడి, రెండు చోట్లా వేడి. ఏ ఊళ్లోనూ కిటికీ తెరిచి ఆరబెట్టే వీలు లేదు.

పార్మా హామ్ వాదన సగం నిజం. ఆ హామ్‌లో పంది తొడ, ఉప్పు తప్ప ఏమీ వాడరు. అయితే అది కోయని, చీల్చని పూర్తి తొడ. ఆరోగ్యమైన జంతువు కండరం లోపల సాధారణంగా సూక్ష్మజీవులు ఉండవు, ప్రమాదమంతా పైభాగంలో ఉంటుంది. కైమా కొట్టగానే ఆ పైభాగం లోపలికి కలిసిపోతుంది, కాబట్టి తొడకు చెల్లిన సూత్రం సలామీకి చెల్లదు. పైగా పార్మాలో ఆ ఉప్పు పెట్టేవాడు తర్ఫీదు పొందిన ప్రత్యేక పనివాడు. చర్మం వైపు తడి ఉప్పు, కండ వైపు పొడి ఉప్పు చేత్తో పట్టించి, వారాల తరబడి 1 నుంచి 4 డిగ్రీల గదుల్లో ఉంచి, ఆ తరువాత ఏడాదికి పైగా మాగబెడతారు. పుస్తకం చాలునని చూపడానికి ఇంతకంటే తప్పు ఉదాహరణ దొరకదు. నైట్రైట్‌కు బదులు సెలరీ పొడి ‘సహజం’ అంటున్నారు గానీ, అందులోని నైట్రేట్‌ను బ్యాక్టీరియా నైట్రైట్‌గానే మారుస్తుంది. తేడా ఏమిటంటే ఇంట్లో చేసేవాడికి ఎంత పడిందో తెలియదు. నిలవ మాంసాల వల్ల పెద్దపేగు క్యాన్సర్ ముప్పు ఉందని 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. అది ఇలాంటి మాంసాన్ని తక్కువగా తినడానికి కారణం అవుతుంది గానీ, నైట్రైట్ మానేసి చేసిన సలామీ క్షేమమనడానికి ఆధారం కాదు.

ఒట్టి తునకల మాట మనవారికి ఇష్టంగా తగులుతుంది, తగలాలి కూడా. తెలంగాణ పల్లెల్లో మాంసాన్ని సన్నని పేలికలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండేల మీద మండే ఎండలో ఆరబెట్టేది ఒక గట్టి విద్య. పేలిక సన్నగా ఉంటుంది కాబట్టి త్వరగా ఎండుతుంది, నలువైపులా గాలి సోకుతుంది, తినేముందు నానబెట్టి బాగా ఉడికిస్తారు. సలామీలో ఈ మూడు రక్షణల్లో ఒక్కటీ లేదు: అది లావు, లోపల గాలి లేదు, పచ్చిగానే కోసి తింటారు. ఇంకో సంగతి కూడా ఉంది. మన అమ్మమ్మలు కోర్సు చదవలేదన్నది ఎంత నిజమో, వారు పుస్తకం చదవలేదన్నదీ అంతే నిజం. వారు తమ అత్తల పక్కన కూర్చుని, కత్తి పట్టుకుని, ‘ఇంకా సన్నగా కొయ్యి’ అనిపించుకుని నేర్చుకున్నారు. ఈ ఉదాహరణ సందేశం రాసినవారికి ఎదురుతిరుగుతుంది.

కోర్సులు దండగ అన్న చోట నాకు కొంత సానుభూతి ఉంది. ముప్పై మంది బ్యాచ్‌కు ఒక్క చికెన్ గలంటీన్ చేసి చూపించి ప్రాక్టికల్ అయిందనిపించే చోట్లు ఉన్నాయి. అక్కడ కట్టే ఫీజు గురించి కోపం రావడం సహజమే. దానికి విరుగుడు ఒంటరిగా పుస్తకం పట్టుకోవడం కాదు, కోల్డ్ సెక్షన్ నిజంగా నడిచే హోటల్‌లో ట్రెయినీగా చేరడం. ఫ్రాన్స్‌లో చార్క్యుటరీ వృత్తికి ప్రభుత్వ ధ్రువపత్రం ఉన్నా, చదువులో పెద్ద భాగం దుకాణంలో అప్రెంటిస్‌గానే సాగుతుంది. లెక్కల విద్య కూడా అక్కడే అబ్బుతుంది: వేడి వంటగదిలో మిగిలిన కోతలు, కాలేయాలు, ఎముకలు, చర్మం ఎటూ పోకుండా పాతేగా, రియెత్‌గా (కొవ్వులో మెత్తగా ఉడికించి చిదిపిన మాంసం), ఆస్పిక్‌గా మారి బిల్లులోకి ఎక్కడమే గార్డ్ మాంజే ఆదాయం. ఇంట్లో టెరీన్ కోసం మేలురకం మాంసం కొని తెచ్చేవాడికి ఈ పాఠం అందదు.

పుస్తకంతో ఇంట్లో మొదలుపెట్టాలనుకునేవారికి చేయదగినవి లేకపోలేదు. నిలవ చేయకుండా ఆరోజే ఉడికించి తినే తాజా సాసేజీలు, థర్మామీటరుతో లోపలి వేడి చూసి దించి, వెంటనే చల్లార్చి రెండు మూడు రోజుల్లో ముగించే టెరీన్, ఆస్పిక్ పరీక్షలు, కత్తి పని, ఫోర్స్‌మీట్ (నూరిన మాంసం, కొవ్వు మిశ్రమం) నిష్పత్తులు, ఇవన్నీ ఒక మంచి పుస్తకం పక్కన పెట్టుకుని సాధన చేయవచ్చు. పులియబెట్టి పచ్చిగా ఆరబెట్టేవి మాత్రం పీహెచ్ (పులుపు స్థాయి) కొలవడం, ఎండే గదిని అదుపులో ఉంచడం తెలిసినవారి దగ్గర చేసి చూశాకే ముట్టుకోవాలి. ఇంటి నుంచి అమ్మినా కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది చేతికొచ్చినంత మాత్రాన సరుకు క్షేమమని కాదు, కొన్నవాడికి ఏమైనా అయితే జవాబుదారీ ఎవరన్నది మాత్రం దానితో ఖాయమవుతుంది. ఆ సందేశాన్ని పంపేవారు ఈ చివరి సంగతిని కూడా జతచేసి పంపితే బాగుండేది.