స్క్రోల్ లాక్ గారికి విన్నపం

మహారాజశ్రీ స్క్రోల్ లాక్ గారికి,

1981లో ఐబీఎం పీసీ కీబోర్డ్ మీద కొలువుదీరారు. బాణం కీ నొక్కితే కర్సర్‌కి బదులు తెర జరగాలన్నది తమరి ఉద్యోగం. చాలాచోట్ల అది ఎప్పుడో పోయింది; కుర్చీ, లైటు మాత్రం మిగిలాయి. ఎక్సెల్‌లో పొరపాటున మీమీద వేలు పడి, సెల్ కదలకుండా షీటంతా జరిగిపోయినప్పుడు మాత్రం అందరూ మిమ్మల్ని తలుచుకుంటారు. ఏ మాటలతో అన్నది మర్యాద కోసం రాయడం లేదు.

అలాంటి మీకే నా బ్యాకప్ స్క్రిప్ట్ (ఫైళ్లకు నకలు తీసిపెట్టే చిన్న ప్రోగ్రాం) పెత్తనం అప్పగించాను: మీరు వెలిగితే అది ఆగాలి, ఆరితే నడవాలి. వేరే దిక్కు లేదు మరి. అది బ్యాచ్ ఫైల్, అంటే వరసగా రాసిన ఆదేశాలు. అందులో పాజ్ అనే ఆదేశం పెడితే, ఎవరో వచ్చి ఏదో కీ నొక్కేదాకా కదలదు. చాయిస్ పెడితే ప్రశ్న వేస్తుంది. ఏమీ అడక్కుండా నా మనసులో మాట తెలుసుకోవాలంటే ఏదో ఒక కీ స్థితి చూడాలి. షిఫ్ట్ అయితే వేలు తియ్యకుండా పట్టుకు కూర్చోవాలి. క్యాప్స్ లాక్ అయితే తర్వాత కొట్టే పాస్‌వర్డ్ గోవిందా. నమ్ లాక్‌కి చేతినిండా పని. పనీపాటా లేనిది మీరొక్కరే.

విండోస్‌కి ముందు, డాస్ రోజుల్లో మీ దర్శనం సులువు. మెమరీలో 0040:0017 దగ్గర ఒక బైట్, అందులో హెక్స్ 10 బిట్ మీది. డాస్‌లోని డీబగ్ పనిముట్టుతో చిటికెడు ప్రోగ్రాం రాసి, ఆ సంగతి ఎర్రర్‌లెవెల్‌లో, అంటే ప్రోగ్రాం ముగుస్తూ బ్యాచ్ ఫైల్‌కి చెప్పే అంకెలో, పెట్టి పంపితే సరిపోయేది. ('ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 1' అని రాస్తే 2కీ 3కీ కూడా సరే అంటుంది. ఆ మొహమాటం మీద ఇంకో లేఖ రాయాలి.)

ఇప్పుడో? బ్యాచ్ ఫైల్ వెళ్లి విండోస్‌లోని మరో ఆదేశాల పనిముట్టు పవర్‌షెల్‌ని బతిమాలాలి. అక్కడ కీల స్థితి చెప్పే కన్సోల్ క్లాస్‌లో క్యాప్స్ లాక్ ఉంది, నంబర్ లాక్ ఉంది, తమరి పేరే లేదు! చివరికి కిటికీలు, బటన్లు గీసే లైబ్రరీ విండోస్ ఫారమ్స్ గుమ్మం తొక్కి 'ఈజ్‌కీలాక్డ్' అని అడిగితే ట్రూ అనో ఫాల్స్ అనో సెలవిస్తారు. ఒక్క బిట్ చూపించడానికి అంత పెద్ద లైబ్రరీ లోడ్ చేయించుకునే దర్జా ఎవరికుంది చెప్పండి! పైగా ఎవరూ లాగిన్ కాకపోయినా నడిచేలా టాస్క్ షెడ్యూలర్‌లో (వేళకి ప్రోగ్రాంలు నడిపేది) పెడితే, స్క్రిప్ట్ మన తెరకీ కీబోర్డ్‌కీ సంబంధం లేని వేరే సెషన్‌లో నడుస్తుంది. ఇక్కడ మీరెంత వెలిగినా అక్కడ చెల్లదు.

ఇంతకీ అసలు సంగతి. ఎక్సెల్ వాడినవారెవరో బయటి కీబోర్డ్ తగిలించి, మిమ్మల్ని వెలిగించి, దాన్ని పట్టుకుని వెళ్లిపోయారు. స్క్రిప్ట్ ఆ లైటు చూసి, యజమాని వద్దన్నారనుకుని, చప్పుడు చెయ్యకుండా తప్పుకుంది. కొత్త లాప్‌టాప్‌లో నొక్కుదామంటే మీ కీయే లేదు. ఆన్-స్క్రీన్ కీబోర్డ్ తెరిచి, మౌస్ పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. దయచేసి ఆరండి, బ్యాకప్ మొదలుపెట్టుకోవాలి.

ఇట్లు,
తమ విధేయుడు